ఫిలిప్పీన్స్ కస్టమర్లకు ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా: యాడ్ నుంచి పార్సిల్ చేరేదాకా

ఫిలిప్పీన్స్ మార్కెట్లోకి కొత్తగా వెళ్లినవాళ్లంతా తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటే: "యాడ్లు బాగానే నడుస్తున్నాయి, మెసేజ్‌లు కుప్పలుగా వస్తున్నాయి, మరి డబ్బెందుకు మిగలడం లేదు?" చాలాసార్లు లోపం యాడ్‌లో ఉండదు. చాట్‌లో ఆలస్యంగా ఇచ్చిన జవాబులోనో, బరంగాయ్ (మన వార్డు లాంటి చిన్న ప్రాంతం) పేరు లేకుండా రాసుకున్న అడ్రస్‌లోనో, గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చిన పార్సిల్‌లోనో ఉంటుంది. అందుకే ఇక్కడ యాడ్ గురించి కొంచెం, ఆ తర్వాత జరిగే పని గురించి ఎక్కువగా చెబుతున్నాం.

ఇది 200 నుంచి 800 పెసోల మధ్య ధర ఉండే చిన్న వస్తువులు అమ్మేవాళ్ల కోసం: సబ్బులు, క్రీములు, చిరుతిళ్లు, బట్టలు, వంటింటి సామాన్లు. ఇళ్లు, బీమా, కోర్సులు అమ్మేవాళ్లకు 3, 5 అంచెలు పనికొస్తాయి, మిగతావి అంతగా పనికిరావు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఫిలిప్పీన్స్‌లో రిజిస్టరైన వ్యాపారం, లేదా అలాంటి వ్యాపారం ఉన్న స్థానిక భాగస్వామి. ఒక్కరే నడిపే వ్యాపారమైతే అక్కడి వాణిజ్య శాఖ డీటీఐలో పేరు నమోదు చేయించాలి, కంపెనీ అయితే కంపెనీల నమోదు చూసే ఎస్ఈసీలో. ఆ తర్వాత మేయర్స్ పర్మిట్, పన్నుల శాఖ బీఐఆర్ రిజిస్ట్రేషన్.
- కాస్మెటిక్స్ అయితే ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఫిలిప్పీన్స్ ఎఫ్‌డీఏలో లైసెన్సు, ప్రోడక్ట్ నోటిఫికేషన్. ప్యాక్ చేసిన తిండి పదార్థాలైతే లైసెన్సు, ప్రోడక్ట్ రిజిస్ట్రేషన్ రెండూ. మన దగ్గరున్న ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆయుష్ లైసెన్సులు అక్కడ చెల్లవు. హైదరాబాద్ నుంచి హెర్బల్ సరుకు పంపాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.
- ఫేస్‌బుక్ పేజీ, మెటా యాడ్ అకౌంట్, టిక్‌టాక్ అకౌంట్, ఆన్‌లైన్ మార్కెట్లయిన షాపీ లేదా లజాడాలో ఒక షాపు.
- డబ్బు తీసుకోవడానికి జీక్యాష్, మాయా అనే మొబైల్ వాలెట్లు. వీటికి తోడు క్యూఆర్ పీహెచ్ కోడ్ ఒకటి ఉంటే చాలా బ్యాంకుల యాప్‌ల నుంచి కూడా కట్టగలరు.
- క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ) చేసే కొరియర్ అకౌంట్లు రెండు. జే అండ్ టీ, ఎల్‌బీసీ, ఫ్లాష్, నింజా వ్యాన్ లాంటివాటిలో ఒకటి ప్రధానంగా, ఒకటి అదనంగా.
- చాట్‌లో జవాబులిచ్చే ఫిలిపినో మనిషి. అక్కడి సమయం రాత్రి 10 దాకా ఉండాలి.
- మొదటి రెండు వారాలకు రోజుకు 1,000 పెసోల చొప్పున 14,000 పెసోల యాడ్ డబ్బు, 150 పీసుల స్టాకు. డెలివరీ దగ్గర వసూలైన డబ్బు కొరియర్ నుంచి మీ ఖాతాకు రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, ఈలోపు రెండోసారి స్టాకు కొనడానికి కొంత చేతిలో ఉంచుకోండి.

1. యాడ్ కంటే ముందు లెక్క వేయండి

ఈ అంచె దాటవేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. ఒక ఉదాహరణ చూడండి. మీ వస్తువు ధర 399 పెసోలు, షిప్పింగ్ ఫ్రీ. వస్తువు ఖర్చు 140. కొరియర్‌కు 90. ఒక్కో ఆర్డర్‌కు యాడ్ ఖర్చు 110. పార్సిల్ వెనక్కొస్తే అదనంగా 40. మెటా యాడ్ల లెక్కలు చూపే యాడ్స్ మేనేజర్ చూస్తే 110 పెట్టి 399 తెచ్చినట్టు, అంటే మూడున్నర రెట్లకు పైగా వచ్చినట్టు కనబడుతుంది. సంతోషించకండి.

100 ఆర్డర్లలో 80 చేరి, 20 వెనక్కొచ్చాయనుకోండి. చేతికొచ్చేది 31,920. చేరిన 80 పీసుల ఖర్చు 11,200, నూరు పార్సిళ్ల కొరియర్ 9,000, వెనక్కొచ్చిన వాటికి 800, యాడ్లకు 11,000. కూడితే 32,000. అంటే 80 పెసోలు ఎదురు పెట్టుకున్నారన్నమాట. ఇందులో చాట్ మనిషి జీతం, ప్యాకింగ్, కొరియర్ తీసుకునే వసూలు రుసుము ఇంకా కలపలేదు.

అదే 90 చేరితే 2,910 మిగులుతాయి. 70 చేరితే 3,070 పోతాయి.

వెనక్కొచ్చిన పార్సిల్‌ను అక్కడి అమ్మకందారులు ఆర్‌టీఎస్ అంటారు. ఈ వ్యాపారంలో మీ లాభనష్టాలు తేల్చేది ఆ ఒక్క సంఖ్యే. మీ సొంత అంకెలతో ఈ లెక్క వేసి, నూటికి ఎన్ని చేరితే ఖర్చు గట్టెక్కుతుందో ఒక కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

ప్రత్యామ్నాయం: రెండు పీసులు కలిపి 699కి పెట్టండి. బరువు అదే కొరియర్ శ్లాబులో ఉంటే, పై ఖర్చులతోనే నూటికి 53 చేరినా గట్టెక్కుతారు. ధర తగ్గించడం కంటే ఇది మేలు. కొత్త వస్తువు మీద నమ్మకం లేనివాళ్ల కోసం 99 పెసోల చిన్న ప్యాక్ కూడా ఉంచండి, కానీ దాన్ని విడిగా ఫ్రీ షిప్పింగ్‌తో పంపకండి. పెద్ద ప్యాక్‌తో పాటు కలిపి అమ్మండి, లేదా షాపీలో షిప్పింగ్ వోచర్ ఉన్నవాళ్లకు వదిలేయండి. సబ్బు, షాంపూ, కాఫీ సాషేలుగా వీధి చివరి సరిసరి కొట్లో కొనే అలవాటున్న దేశమది. చిన్న ప్యాక్‌కు గిరాకీ ఉంటుంది.

2. పేజీ చూడగానే నమ్మకం కలగాలి

మోసపోయిన అనుభవం ఉన్న కస్టమర్ యాడ్ చూశాక ముందు పేజీలోకి వెళ్తాడు. నిన్న మొదలైన పేజీ, మూడు పోస్టులు, కామెంట్లు ఆపేసి ఉంటే అక్కడితో సరి. యాడ్ మొదలుపెట్టే ముందు కనీసం 12 పోస్టులు ఉండాలి: వస్తువును చేత్తో పట్టుకుని తీసిన వీడియోలు, ప్యాకింగ్ వీడియోలు, కొరియర్‌కు అప్పగించిన పార్సిళ్ల ఫొటోలు. పార్సిళ్ల ఫొటోల్లో కస్టమర్ పేరు, నంబరు, అడ్రస్ కనబడకుండా చెరిపేయండి. 2012 నాటి డేటా ప్రైవసీ చట్టం అక్కడ అమల్లో ఉంది, కస్టమర్లు కూడా ఫిర్యాదు చేయడానికి వెనుకాడరు.

ధర పోస్టులోనే రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని పెట్టడం అక్కడ చాలామందికి అలవాటే, కానీ వినియోగదారుల చట్టం ప్రకారం ధర చూపకపోవడం ఉల్లంఘన అని డీటీఐ పదేపదే చెబుతోంది. పైగా ధర చూసి వచ్చినవాళ్లే కొనేవాళ్లు, మిగతావాళ్లతో చాట్ చేసి సమయం పాడుచేసుకోవడమే.

హెచ్చరిక: లక్కీ డ్రా, బహుమతి పోటీ లాంటివి పెట్టాలంటే ముందుగా ప్రమోషన్ పర్మిట్ తీసుకోవాలి. కాస్మెటిక్స్, తిండి పదార్థాలైతే ఎఫ్‌డీఏ దగ్గర. 30 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకునేలా ప్లాన్ చేయండి. ఫుడ్ సప్లిమెంట్ యాడ్లలో "ఇది మందు కాదు, ఏ జబ్బుకూ మందుగా వాడకూడదు" అనే తగలోగ్ వాక్యం తప్పనిసరి. షుగర్ తగ్గుతుంది, కీళ్ల నొప్పులు పోతాయి లాంటి మాటలు ఒక్కటీ రాయొద్దు.

3. భాష

పుస్తకాల తగలోగ్ రాయకండి. గూగుల్ అనువాదం ఇచ్చేది దాదాపు అదే. వాళ్లు రోజూ మాట్లాడేది తగలోగ్, ఇంగ్లిష్ కలిసిన ట్యాగ్లిష్. యాడ్‌లో అదే ఉండాలి. మనం "బుక్ చేసేయండి", "ఆఫర్ అయిపోతోంది" అన్నట్టే.

చాట్‌లో ప్రతి వాక్యంలోనూ మర్యాద మాట "పో" పడాలి. అది లేని జవాబు విసురుగా ఉంటుంది. కస్టమర్‌ను "మామ్", "సర్" అనండి.

సెబూ, దావావ్ వైపు వెళ్లినప్పుడు అక్కడి బిసాయా భాషలో వేరే వీడియో తీయించండి. మనీలా యాడ్‌నే అక్కడ నడిపితే అర్థం కాకపోవడమంటూ ఉండదు, కానీ సొంత భాష విన్నప్పుడు ఆగి చూసే తీరే వేరు.

సరిచూసుకోవడం: స్క్రిప్టును ముగ్గురు ఫిలిపినోలతో బయటికి చదివించండి. ఎక్కడైనా తడబడితే, లేదా చదువుతూ మాట మార్చేస్తే, వాళ్లు మార్చిన మాటే పెట్టండి.

4. యాడ్ పెట్టడం

యాడ్ అకౌంట్ తెరిచేటప్పుడే కరెన్సీ పెసో, టైమ్ జోన్ మనీలా పెట్టుకోండి. తర్వాత మార్చాలంటే తలనొప్పి. మనకంటే వాళ్లు రెండున్నర గంటలు ముందుంటారు. ఇండియా టైమ్‌లో ఉన్న అకౌంట్‌లో రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తికమకై, జీతాల రోజు లెక్కలన్నీ తప్పుతాయి.

గమ్యం మెసెంజర్ ఉండాలి. మనవాళ్లు అలవాటు కొద్దీ వాట్సాప్ నంబరు ఇస్తారు. అక్కడ సామాన్యులు వ్యాపారులతో మాట్లాడేది మెసెంజర్‌లోనే. పాత కస్టమర్ల గ్రూపుకు వైబర్ వాడొచ్చు. వెబ్‌సైట్‌కు పంపడం కూడా మొదట్లో వద్దు. ఫేస్‌బుక్‌కు మాత్రమే పనికొచ్చే డేటా ప్యాక్ వేయించుకున్నవాళ్లు చాలామంది, వాళ్ల ఫోన్లో మీ సైటు తెరుచుకోదు. యాడ్‌కు డబ్బు పడుతుంది, ఆర్డర్ రాదు.

ఒకే క్యాంపెయిన్, ఒకే యాడ్ సెట్ (ఒకే బడ్జెట్‌తో, ఒకే రకం జనానికి చూపే యాడ్ల గుంపు), అందులో మూడు వీడియోలు. రోజుకు 1,000 పెసోలను అయిదు యాడ్ సెట్లకు పంచకండి. ఒక యాడ్ సెట్ కుదురుకోవాలంటే వారానికి 50 దాకా ఫలితాలు రావాలి, ముక్కలు చేస్తే ఏదీ కుదురుకోదు. ప్రాంతం మొదట మెట్రో మనీలా, చుట్టుపక్కల కవీతె, లగూనా, రిజాల్, బులకాన్. పార్సిల్ త్వరగా చేరుతుంది, తిరస్కరణ తక్కువుంటుంది. రెండు వారాల తర్వాత సెబూ, దావావ్.

వీడియో నిలువుగా, 20 నుంచి 30 సెకన్లు. మొదటి మూడు సెకన్లలో వస్తువు పని చేస్తూ కనిపించాలి, లోగో కాదు. శబ్దం లేకుండా చూసేవాళ్ల కోసం కింద అక్షరాలు. చివర్లో ధర, ఎన్ని రోజుల్లో చేరుతుంది, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా లేదా. ఈ మూడూ ఉండాలి.

నాలుగు రోజులు ముట్టుకోకండి. రోజూ బడ్జెట్ మార్చడం, వీడియో మార్చడం చేస్తే అల్గారిథమ్ మళ్లీ మొదటికొస్తుంది.

5. చాట్: అమ్మకం జరిగేది ఇక్కడే

వచ్చే ప్రశ్నలు నాలుగైదే. "హౌ మచ్ పో?", "సీఓడీ పో?", "లెజిట్ పో బా?", "ఎన్ని రోజుల్లో వస్తుంది?", "మా ఊరికి పంపుతారా?" వీటికి సేవ్డ్ రిప్లైలు రాసి పెట్టుకోండి. ప్రతి జవాబు చివర ఒక ప్రశ్న ఉండాలి, లేకపోతే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఉదాహరణకు:

"హాయ్ మామ్! 399 పో, ఫ్రీ షిప్పింగ్, సీఓడీ పో. సాన్ పో ఇడెడెలివర్?"

చివరి మాట "ఎక్కడికి పంపమంటారు?" అని. ఎక్కడికో చెప్పారంటే సగం పని అయినట్టే.

"లెజిట్ పో బా?" అని అడిగితే చిన్నబుచ్చుకోవద్దు, నిజమైన షాపేనా అని అడుగుతున్నారు. "అవును" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా మీ డీటీఐ రిజిస్ట్రేషన్ ఫొటో, నిన్న పంపిన పార్సిళ్ల వీడియో, షాపీలో మీ రివ్యూల లింకు పంపండి. మూడూ ఫోన్లో ఒకే ఫోల్డర్‌లో సిద్ధంగా ఉంచుకుంటే జవాబు పది సెకన్ల పని.

జవాబు అయిదు నిమిషాల్లోపు వెళ్లాలి. మెసేజ్‌లు ఎక్కువగా వచ్చేది మధ్యాహ్న భోజన సమయంలో, రాత్రి 7 నుంచి 10 మధ్య. హైదరాబాద్‌లో కూర్చుని జవాబిస్తున్నారా? ఆఫీసు ఉదయం 9:30కి తెరిచేసరికి అక్కడ మధ్యాహ్నం 12 అయిపోయింది. సాయంత్రం 5కి మూసేస్తే అక్కడ రాత్రి 7:30, అసలు గిరాకీ మొదలయ్యే వేళ.

24 గంటల నియమం కూడా గుర్తుంచుకోండి. కస్టమర్ చివరి మెసేజ్ పంపిన 24 గంటల తర్వాత మీరు ప్రమోషన్ మెసేజ్‌లు పంపడానికి మెసెంజర్ ఒప్పుకోదు. ఆగిపోయిన చాట్లన్నిటికీ 20 గంటలు దాటకముందే ఒక పలకరింపు పంపండి. అది పొద్దున్నే చేయాల్సిన మొదటి పని.

బేరం తప్పకుండా ఆడతారు. ధర తగ్గించకండి, రెండు పీసుల ధర చెప్పండి.

6. అడ్రస్ రాసుకోవడం, ఖాయం చేసుకోవడం

అడ్రస్‌లో ఇవన్నీ ఉండాలి: పూర్తి పేరు, 09తో మొదలయ్యే 11 అంకెల మొబైల్ నంబరు, ఇంటి నంబరు, వీధి లేదా పురోక్ (బరంగాయ్‌లోని చిన్న పేట), బరంగాయ్, పట్టణం, ప్రావిన్స్, గుర్తు. బరంగాయ్ అంటే మన వార్డు, పంచాయతీ లాంటి అతి చిన్న పాలనా విభాగం. దేశంలో 42 వేలకు పైగా ఉన్నాయి. శాన్ ఇసిడ్రో, శాన్ హోసె, పొబ్లసియోన్ లాంటి పేర్లు ఊరూరా కనబడతాయి. ప్రావిన్స్ లేకుండా బరంగాయ్ రాసుకుంటే పార్సిల్ వేరే ఊరికి పోతుంది. గుర్తు అంటే "చర్చి పక్కన" అంటే చాలదు. చర్చి పక్కన ఎటువైపు, ఏ రంగు గేటు, కింద ఏ కొట్టు ఉంది అని అడిగి రాసుకోండి. చివరికి రైడర్ ఇల్లు పట్టుకునేది దాన్ని బట్టే.

ఆర్డర్ తీసుకున్న మర్నాడు ఉదయం, ప్యాక్ చేసే ముందు, మెసెంజర్‌లో ఒకసారి అడగండి: "ఈరోజు పంపుతున్నాం, 399 సిద్ధంగా ఉంచుకుంటారా? ఇంట్లో ఎవరు తీసుకుంటారు?" జవాబు రాకపోతే ఒక ఫోన్ కాల్. అదీ ఎత్తకపోతే పంపకండి. ఆర్డర్ల సంఖ్య తగ్గుతుంది, బాధపడొద్దు. ఆగిపోయినవి ఎలాగూ వెనక్కొచ్చేవే.

మళ్లీ అడుగుతారు కాబట్టి చెబుతున్నాం: ఖాయం చేయడానికి ఎస్ఎంఎస్‌లో లింకు పంపకండి. మోసాలు పెరిగాక 2022 నుంచి లింకులున్న ఎస్ఎంఎస్‌లను టెలికాం కంపెనీలు అడ్డుకుంటున్నాయి. చేరినా ఎవరూ నొక్కరు.

7. ముందే డబ్బు కట్టించుకోవడం

జీక్యాష్‌లో ముందే కట్టేవాళ్లకు 20 పెసోలు తగ్గించండి, లేదా చిన్న ప్యాక్ ఒకటి ఉచితంగా వేయండి. పార్సిల్ వెనక్కొచ్చే బెంగ ఉండదు.

జాగ్రత్త పడాల్సింది స్క్రీన్‌షాట్ల దగ్గర. కట్టినట్టు చూపే రసీదు బొమ్మను ఎడిట్ చేసి పంపేవాళ్లుంటారు. స్క్రీన్‌షాట్‌లోని రిఫరెన్స్ నంబరును మీ యాప్‌లోని లావాదేవీల జాబితాతో పోల్చండి. మొత్తం, సమయం కూడా కలవాలి. కలిస్తేనే ప్యాకింగ్. ఈ పని చాట్ మనిషికి కాకుండా వేరే మనిషికి అప్పగించండి.

సొంత సైటు పెట్టాక పేమోంగో, మాయా బిజినెస్ లాంటి గేట్‌వేలు వాడొచ్చు. చెకౌట్‌లో ఈ-వాలెట్లు పైన ఉంచి, క్రెడిట్ కార్డు చివర పెట్టండి.

8. ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి

జీతాలు నెలకు రెండుసార్లు, సాధారణంగా 15న, 30న. యాడ్ బడ్జెట్‌లో ఎక్కువ భాగం 14 నుంచి 18 దాకా, 29 నుంచి 3 దాకా పెట్టండి. 10, 25 తేదీల దగ్గర ఆర్డర్ చేసినవాళ్ల చేతిలో పార్సిల్ వచ్చేసరికి డబ్బుండదు. ఎక్కువగా వెనక్కొచ్చేవి అవే.

సెప్టెంబర్ 1 నుంచే క్రిస్మస్ హడావుడి మొదలవుతుంది. 9.9 (సెప్టెంబర్ 9) నుంచి 12.12 (డిసెంబర్ 12) దాకా షాపీ, లజాడా సేల్స్ నెలనెలా ఉంటాయి. ఏడాదికి అదనంగా ఇచ్చే 13వ నెల జీతం డిసెంబర్ 24 లోపు ఇవ్వాలని చట్టం. ఆ డబ్బు చేతికందే నవంబర్ చివర, డిసెంబర్ మొదటి రోజులే మీ అసలైన సీజన్. దీవులకు వెళ్లే పార్సిళ్ల ఆర్డర్లు డిసెంబర్ 10 తర్వాత "క్రిస్మస్‌కు చేరుతుంది" అన్న మాటతో తీసుకోకండి.

ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో గురు, శుక్రవారాలు సేల్ యాడ్లు పూర్తిగా ఆపేయండి. కొరియర్లు కూడా ఉండవు.

తుఫానులు ఎక్కువగా జూన్ నుంచి నవంబర్ దాకా. హెచ్చరిక సిగ్నల్ ఎగరేస్తే కోస్ట్ గార్డ్ పడవలు ఆపుతుంది, పార్సిళ్లు రేవులోనే ఉండిపోతాయి. ఆ ప్రావిన్సులను యాడ్ నుంచి తీసేయండి. ఇళ్లు మునిగిన చోట "సేల్ సేల్" అని యాడ్ కనబడటం వ్యాపారానికీ మంచిది కాదు, మనిషి చేసే పనీ కాదు.

9. వేరే దారులు

చాట్‌కు మనుషులు లేకపోతే షాపీ, లజాడాలే మేలు. కమిషన్ పోయినా చెల్లింపు, కొరియర్ వాళ్లే చూసుకుంటారు. టిక్‌టాక్ షాప్‌లో అఫిలియేట్ పద్ధతి ఉంది: 10 నుంచి 15 శాతం కమిషన్ పెట్టి, 5 వేల నుంచి 30 వేల ఫాలోవర్లున్న 20 మందికి శాంపిల్స్ పంపండి. పెద్ద సెలబ్రిటీ ఒకరికి ఇచ్చే డబ్బుతో ఇలాంటివాళ్లను చాలామందిని పట్టుకోవచ్చు, వాళ్ల వీడియోలను అనుమతి తీసుకుని యాడ్లుగానూ వాడుకోవచ్చు.

లైవ్ సెల్లింగ్‌లో కస్టమర్ "మైన్" అని, వస్తువు కోడ్ కలిపి కామెంట్ చేస్తే ఆర్డర్ అన్నట్టు. సరదాకు "మైన్" కొట్టి మాయమయ్యేవాళ్లుంటారు. కొత్తవాళ్ల దగ్గర జీక్యాష్‌లో 50 పెసోల అడ్వాన్స్ తీసుకోండి.

దుబాయ్, దోహాల్లో షాపులు నడిపే మనవాళ్లకు ఇంకో దారి ఉంది. అక్కడ పనిచేసే ఫిలిపినోలు జీతం నుంచి ఇంటికి డబ్బు పంపే బదులు అక్కడే కట్టేసి, మనీలాలో ఇంటికి డెలివరీ చేయించుకోవడానికి ఇష్టపడతారు. యాడ్ గల్ఫ్‌లో, డెలివరీ ఫిలిప్పీన్స్‌లో. డబ్బు ముందే వస్తుంది కాబట్టి వెనక్కొచ్చే పార్సిళ్లు దాదాపు ఉండవు, కానీ తీసుకునే మనిషి నంబరు మర్చిపోకుండా అడగాలి.

10. ఫలితం సరిచూసుకోవడం

మొదటి రోజే సెబూలో తెలిసినవాళ్లతో ఒక ఆర్డర్ పెట్టించండి, మీ చాట్ మనిషికి చెప్పకుండా. జవాబు ఎంతసేపటికి వచ్చింది, అడ్రస్‌లో ఏం అడగలేదు, పెట్టె ఎలా చేరింది, రైడర్ ఎన్నిసార్లు ఫోన్ చేశాడు, అన్నీ రాయించుకోండి.

షీట్‌లో ఒక్కో ఆర్డర్‌కు ఒక వరుస: తేదీ, ఏ వీడియో చూసి వచ్చారు, బరంగాయ్, ప్రావిన్స్, సీఓడీనా జీక్యాషా, ఖాయం చేశామా, కొరియర్, వేబిల్ నంబరు, చేరిందా, వెనక్కొస్తే కారణం. వారానికోసారి మూడు రకాలుగా చూడండి. వీడియో వారీగా చేరిన శాతం: ఒక్కోసారి చౌకగా మెసేజ్‌లు తెచ్చే వీడియోయే ఎక్కువ పార్సిళ్లు వెనక్కి తెస్తుంది, దాన్ని ఆపండి. ప్రావిన్స్ వారీగా: నూటికి 70 కంటే తక్కువ చేరే చోట సీఓడీ తీసేసి జీక్యాష్ మాత్రమే ఉంచండి. కారణం వారీగా: "డబ్బు సిద్ధంగా లేదు" ఎక్కువుంటే యాడ్ తేదీలు మార్చాలి, "ఇల్లు దొరకలేదు" ఎక్కువుంటే ఆరో అంచె సరిగా జరగడం లేదు, "ఆర్డర్ చేయలేదు" అంటుంటే ఖాయం చేసే కాల్ చేయకుండానే చేసినట్టు టిక్ పెడుతున్నారు.

కారణం గడిలో కొరియర్ రాసింది మాత్రమే నమ్మకండి. "కస్టమర్ తిరస్కరించారు" అని రాసిన వాటిలో అయిదుగురికి ఫోన్ చేసి అడగండి. రైడర్ అసలు రాలేదని ఇద్దరు చెప్పినా, ఆ ప్రాంతానికి రెండో కొరియర్‌తో పంపి ఒక వారం పోల్చి చూడండి.